కూలి కుట్టు నుంచి సొంత మాల్‌కు: రాయదుర్గంలో ఒక జీన్స్ యూనిట్ కేస్ స్టడీ

అనంతపురం జిల్లాలో చిన్న యూనిట్లకు లెక్కలు చూడటం, బ్యాంకుకు లోన్ ప్రతిపాదనలు తయారుచేయడం నా పని. రాయదుర్గంలో ఒక జీన్స్ కుట్టు యూనిట్ కూలి కుట్టు నుంచి సొంత మాల్ వైపు, అంటే సొంత గుడ్డతో కుట్టి అమ్మే సరుకు వైపు, రెండు ఆర్థిక సంవత్సరాల్లో ఎలా మారిందో ఇక్కడ రాస్తున్నాను. భార్యాభర్తలు కలిసి నడిపే యూనిట్ ఇది. రాసుకోమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు. వాళ్ల అసలు అంకెలను గుండ్రంగా మార్చాను. నిష్పత్తులు మాత్రం అవే.

రాయదుర్గం కొండకు ఆనుకుని పెరిగిన ఊరు. పైన విజయనగర కాలపు కోట, కింద బజారు. 2011 జనాభా లెక్కల్లో 60 వేల పైచిలుకు. చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగే ప్రధాన పంట, అదీ వాన మీద ఆధారపడి. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున ఇసుక మేటలు పొలాల మీదికి వచ్చేస్తుంటాయి. ఇలాంటి చోట వారం వారం చేతికొచ్చే కూలి ఎంత పెద్ద విషయమో బయటివాళ్లకు అంత సులువుగా అర్థం కాదు. పంట పోయిన ఏడాది బెంగళూరు బస్సెక్కాల్సిన మనిషి ఇంటి దగ్గరే మిషన్ మీద కూర్చుని రోజుకు ఐదొందలు సంపాదిస్తే ఆ ఇంట్లో పిల్లల చదువు ఆగదు.

ఈ జీన్స్ కుట్టు పని ఊరికి బళ్లారి నుంచి వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరు వైపు వెళ్లింది. రాయదుర్గాన్ని అనంతపురం జిల్లాలో కలిపారు. పాలన దారి మారింది కానీ వ్యాపారం దారి మారలేదు. బళ్లారి సుమారు యాభై కిలోమీటర్లు, అనంతపురం దానికి దాదాపు రెట్టింపు. ఇక్కడి బజారులో తెలుగు, కన్నడం రెండూ నడుస్తాయి. జీన్స్‌కు బళ్లారి పేరున్న కేంద్రం. అక్కడి షావుకార్లు గుడ్డ కొంటారు, కుట్టడానికి ఇటు పంపుతారు, వాష్‌కు, అంటే కుట్టిన ప్యాంట్లను ఉతికి రంగు తేల్చడానికి, మళ్లీ అటే తీసుకెళ్తారు. మధ్యలో కుట్టు కూలి రాయదుర్గానికి.

ఇది ఈ ప్రాంతానికి కొత్త ఏర్పాటేమీ కాదు. ధర్మవరంలో పట్టుచీర నేసే ఇళ్లలో చాలావాటికి నూలు యజమానిదే, మగ్గం మీద కూర్చున్నవాళ్లకు మజూరీ. సరుకు ఎవరిదో లాభం వాళ్లది. నష్టం కూడా వాళ్లదే అని న్యాయంగా ఒప్పుకోవాలి. ఈ రెండో మాట మర్చిపోయి ‘సొంత మాల్’ అంటూ దిగి చేతులు కాల్చుకున్నవాళ్లను చూశాను. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

యూనిట్ పరిస్థితి

భర్త బళ్లారిలో కటింగ్ మాస్టర్‌గా చేసి వచ్చినవాడు. భార్య టైలర్. ఇంటి వెనక రేకుల షెడ్డులో పన్నెండు కుట్టు మిషన్లు: సింగిల్ నీడిల్, డబుల్ నీడిల్, రెండు ఓవర్‌లాక్, కాళ్ల జాయింటు కుట్టే ఫీడ్ ఆఫ్ ది ఆర్మ్ ఒకటి. కాజా (బటన్ రంధ్రం), బార్‌టాక్ (జేబులు, లూపులు ఊడకుండా వేసే గట్టి కుట్టు) బయట చేయించేవాళ్లు. టైలర్లు, హెల్పర్లు, దారాలు కత్తిరించే ఆడవాళ్లు కలిసి పదిహేడు మంది. రోజుకు వంద ప్యాంట్లు. ఏడాదికి మూడు వందల పనిదినాలు వేసుకుంటే ముప్ఫై వేలు.

లెక్కంతా ఆమె పొడుగు నోటు పుస్తకంలో రాసేది. ఎడమ పక్క టైలరు పేరు, కుడి పక్క బండిల్ నంబర్లు. జేబు, జిప్పు, బెల్టు, లూపు, బాటమ్ ఒక్కోదానికి ఒక్కో పీస్ రేటు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఆ పుస్తకంలో రూపాయి తేడా లేకుండా ఉంది. ఎవరి దగ్గర నుంచి ఎంత రావాలో మాత్రం అందులో లేదు. అది ఆయన ఫోన్‌లో, కొంత ఆయన జ్ఞాపకంలో ఉంది. మొదటి రోజు నేను అడిగిన ఒకే ప్రశ్నకు, అంటే ఇవాళ్టికి బయట ఎంత బాకీ ఉందన్నదానికి, జవాబు రావడానికి సాయంత్రమైంది.

ప్యాంటుకు పార్టీ, అంటే గుడ్డ పంపే షావుకారు, ఇచ్చేది 90 రూపాయలు. అందులో టైలర్లకు 60. దారం, కరెంటు, హెల్పర్ల కూలి, సూదులు, రిపేర్లకు 20. యజమానులకు మిగిలేది 10. కాగితం మీద ఏడాదికి మూడు లక్షలు. కానీ కూలి బట్వాడా శనివారం ఇవ్వాలి. పార్టీ డబ్బు మాత్రం నెలన్నర తర్వాత వస్తుంది, ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది.

“శుక్రవారం సాయంత్రం నుంచే టెన్షన్ సార్. ఈయన ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతాడు. పిల్లలు అడిగినా పలకడు” అంది ఆమె.

“డబ్బు రాకపోతే ఏం చేస్తారక్కా?”

“మూడు రూపాయల వడ్డీకి తెస్తాం. టైలర్లకు ఒక్క శనివారం ఆపినా సోమవారం పక్క షెడ్డులో కూర్చుంటారు. వాళ్లను అనడానికి లేదు సార్, వాళ్ల ఇళ్లూ గడవాలి కదా.”

నూటికి నెలకు మూడు రూపాయలు. 80 రూపాయల ఖర్చు నెలన్నర ఆగితే వడ్డీ 3 రూపాయల 60 పైసలు. మిగిలే పది రూపాయల్లో మూడో వంతుకు పైగా వడ్డీ వ్యాపారికే పోతోంది.

ఆయన కోరిక వేరు. కూలి కుట్టు మొత్తం ఆపేసి సొంత గుడ్డ తెచ్చి, సొంత లేబుల్ వేసి, గుంతకల్లు, కర్నూలు, చిత్రదుర్గం షాపులకు అమ్మాలని. గుడ్డ ఏజెంటు అహ్మదాబాద్ నుంచి నెల అరువు మీద ఇస్తానన్నాడు. మిగతా డబ్బు ఈయన అదే మూడు రూపాయల వడ్డీకి తెస్తానన్నాడు.

ఒక ప్యాంటు లెక్క

నేను చేసిన మొదటి పని ఒక ప్యాంటు లెక్కను ఆయన ముందు కాగితం మీద వేయడం. హోల్‌సేల్ ధర జీఎస్టీ కాకుండా 420. గుడ్డ 190. జేబుగుడ్డ, జిప్పు, బటన్, రివెట్, లేబుళ్లు 40. కుట్టు మొత్తం 80. బళ్లారిలో వాష్ 35. ప్యాకింగ్, రవాణా 15. వెరసి 360. తేడా 60 రూపాయలు. పది ఎక్కడ, అరవై ఎక్కడ? ఇక్కడే అందరికీ ఆశ పుడుతుంది.

ఆ అరవైలో సెకండ్స్ (లోపాలున్న ప్యాంట్లు), వాపసులు, సీజన్ చివర తగ్గించి అమ్మినవి కలిపి 15 తీసేయాలి. ఇంత పోతుందని మొదట ఎవరూ ఒప్పుకోరు, కానీ పోతుంది. మిగిలేది 45. ఇక గుడ్డ వచ్చినప్పటి నుంచి షాపువాడి డబ్బు చేతికి వచ్చే వరకు నాలుగు నెలలు. గుడ్డ అరువు నెల కలిసొచ్చినా షాపుల బాకీలు అంతకంటే ఎక్కువే సాగుతాయి కాబట్టి నాలుగు నెలల కంటే తక్కువ వేయలేదు. 360 రూపాయల మీద మూడు రూపాయల వడ్డీ నాలుగు నెలలకు 43. అంటే ఆయనకు మిగిలేది రెండు రూపాయలు. అదే డబ్బు బ్యాంకు నుంచి ఏడాదికి పదకొండు శాతానికి దొరికితే వడ్డీ 13. మిగిలేది 32.

ప్యాంటు అదే, టైలర్లు వాళ్లే, షాపులు అవే. రెండు రూపాయలా, ముప్ఫై రెండు రూపాయలా అన్నది డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారన్న దాన్నే బట్టి ఉంది. కొండ ఊళ్లలో, కరువు ఊళ్లలో చిన్న పరిశ్రమ ఎందుకు ఎదగదని అడిగితే నైపుణ్యం లేదని, మార్కెట్ లేదని చెబుతుంటారు. నేను చూసినంతలో రాయదుర్గం టైలరుకు నైపుణ్యం కొదవ లేదు. బయటి నుంచి వచ్చిన లాభాన్ని వడ్డీ రూపంలో మళ్లీ బయటికి పంపేస్తున్నాం.

ఇంకో లెక్క కూడా ఆయనకు చూపించాను. కూలి కుట్టులో 80 రూపాయలు పెడితే నెలన్నరకు పది వస్తోంది. ఏడాదికి ఎనిమిదిసార్లు తిరుగుతుంది. పెట్టుబడి అంత మళ్లీ వస్తున్నట్టు. సొంత మాల్‌లో 360 పెడితే నాలుగు నెలలకు 32, మూడుసార్లు తిరుగుతుంది. పెట్టిన రూపాయికి వచ్చే ఫలం కూలి కుట్టులోనే ఎక్కువ. మరి సొంత మాల్ ఎందుకు? కూలి కుట్టు ఎంత కావాలో మన చేతిలో లేదు. బళ్లారిలో షావుకారు ఒక సీజన్ ఆర్డర్ తగ్గిస్తే పన్నెండు మిషన్లు ఖాళీ. సొంత మాల్ మిషన్లను నడుస్తూ ఉంచుతుంది. ఈ రెంటినీ కలిపి నడపాలన్నది నా అభిప్రాయం, ఇప్పటికీ అదే. మూడింట రెండొంతులు కూలి, ఒక వంతు సొంతం.

బిల్లులు, బ్యాంకు

బ్యాంకు దగ్గరికి వెళ్లాలంటే ముందు టర్నోవర్ కాగితం మీద కనబడాలి. ఏడాదికి 27 లక్షల కుట్టు కూలి వస్తోంది, అందులో సగం నగదు. జాబ్‌వర్క్, అంటే వేరొకరి సరుకు మీద కూలికి పని చేసేవాళ్లకు రాష్ట్రం దాటి పని చేసినా 20 లక్షల వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వీళ్లు ఆ గీత ఎప్పుడో దాటారు. రిజిస్ట్రేషన్ చేయించి, 5 శాతం ఐజీఎస్టీతో (రాష్ట్రాల మధ్య లావాదేవీల జీఎస్టీ) బిల్లులు వేయడం మొదలుపెట్టాం. ఆయన పన్ను భారమని భయపడ్డాడు. పార్టీకి అది క్రెడిట్‌గా తిరిగి వస్తుందని వాళ్లకే ఫోన్ చేసి చెప్పించాక సర్దుకున్నాడు.

సరిహద్దు ఊళ్లవాళ్లు గట్టిగా గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. మామూలుగా 50 వేల లోపు సరుకుకు ఈ-వే బిల్ (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) అక్కర్లేదు. కానీ ఒక రాష్ట్రంలోని యజమాని ఇంకో రాష్ట్రంలోని జాబ్‌వర్కర్‌కు సరుకు పంపితే దాని విలువ ఎంతైనా ఈ-వే బిల్ ఉండాల్సిందే. ఆటోలో నలభై కట్ బండిల్స్ వేసుకుని బళ్లారి రోడ్డు మీద వచ్చినా సరే. మన సొంత ప్యాంట్లు వాష్‌కు అటు పంపినా అంతే. ‘చిన్న సరుకే కదా’ అనే అలవాటును ఈ దారిలో మానుకోవాలి.

తర్వాత ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన 2023-24 నుంచి అమల్లోకి వచ్చింది. ఉద్యమ్ ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్‌కు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లోగా డబ్బు ఇవ్వాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులు. ఆ గడువు తప్పితే కొన్నవాడికి ఆ ఖర్చు డబ్బు కట్టిన ఏడాదిలోనే లెక్కకు వస్తుంది. అంటే మార్చి నాటికి బాకీ పెట్టుకుంటే పన్ను ఎక్కువ కట్టాలి. ఇద్దరు పార్టీలు 45 రోజుల ఒప్పందం మీద సంతకం పెట్టారు, మాట నిలబెట్టుకుంటున్నారు కూడా. ఇంకో పార్టీ మాత్రం ఉద్యమ్ నంబరు బిల్లు మీద వేయొద్దన్నాడు. వేస్తే పని ఇవ్వనన్నాడు. అతని పని మెల్లగా తగ్గించుకుంటూ రమ్మని సలహా ఇచ్చాను. చట్టం చిన్నవాడి పక్కనే ఉంది. కానీ ఒక్క పార్టీ మీదే బతికే యూనిట్‌కు ఆ చట్టం చేతిలో ఉన్నా పనికిరాదు. ముగ్గురు నలుగురు పార్టీలు ఉన్నవాళ్లే దాన్ని వాడుకోగలరు.

బ్యాంకు లిమిట్, అంటే వ్యాపారానికి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు పరిమితి, కోసం టర్నోవర్ పద్ధతి వేశాం. రాబోయే ఏడాది అంచనా అమ్మకాల్లో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్ కావాలని, అందులో 20 శాతం బ్యాంకు, 5 శాతం మన మార్జిన్ అని లెక్క. కూలి కుట్టు ఒక్కటే అయితే 27 లక్షల మీద ఐదున్నర లక్షలు కూడా రాదు. జాబ్‌వర్కర్ ఎంత కష్టపడినా టర్నోవర్‌లో గుడ్డ విలువ కనిపించదు కాబట్టి లిమిట్ చిన్నదే. సొంత మాల్ మొదలైతే అదే షెడ్డు, అదే మనుషులు, టర్నోవర్ మాత్రం రెట్టింపు.

అలాగని అంచనా కాగితం మీద పెద్ద అంకె వేస్తే మేనేజర్ నమ్మడు, నమ్మకూడదు కూడా. మొదటి ఏడాది సొంతంగా మూడు వేల ప్యాంట్లే. 12 లక్షల 60 వేలు, దానికి కూలి కుట్టు 24 లక్షలు కలిపితే దాదాపు 37 లక్షలు. ఏడు లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ మంజూరైంది, చిన్న పరిశ్రమల అప్పులకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ ట్రస్టు గ్యారంటీ మీద, ఇల్లు తాకట్టు పెట్టకుండా. రెండో ఏడాది పది వేల సొంత ప్యాంట్లు, ఇరవై వేలు కూలివి. మొత్తం 60 లక్షలు. లిమిట్ 12 లక్షలకు పెరిగింది.

మార్జిన్ డబ్బు, దానితో పాటు ఇంకో లక్ష, ఆమె పాడిన చీటీ నుంచి వచ్చాయి. ఆ లక్షను వేరే ఖాతాలో వేయించాను. వారానికి బట్వాడా 36 వేలు. దాదాపు మూడు శనివారాలకు సరిపోయేంత ఎప్పుడూ అందులో ఉండాలి. గుడ్డ చవకగా వచ్చిందన్నా సరే ఆ ఖాతా తాకకూడదు. చెక్కు మీద ఆమె సంతకం ఒక్కటే చెల్లేట్టు పెట్టాం. నా మొత్తం సలహాల్లో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదేనని నేను అనుకుంటున్నాను.

ఎదురుదెబ్బలు

మొదటి సొంత లాట్‌లోనే దెబ్బ తగిలింది. ఏజెంటు దగ్గర చవకగా స్టాక్ లాట్ (మిగిలిపోయిన గుడ్డ) దొరికిందని ఆయన తెచ్చాడు. రంగు ఒకటే, థానులు రకరకాలు. డెనిమ్ ఏ థానుకు ఆ థాను వాష్‌లో వేరుగా కుంచించుకుపోతుంది. ప్రతి థాను నుంచి అరమీటరు చదరపు ముక్క కోసి, ఉతికి, కొలిచి, ఆ మేరకు ప్యాటర్న్ పెంచాలి. ఆయనకు ఈ సంగతి తెలుసు. బళ్లారిలో ఇరవైసార్లు చేసి ఉంటాడు. కానీ అక్కడ థానులన్నీ ఒకే మిల్లువి కాబట్టి ఒక్క ముక్క చాలేది. ఇక్కడా ఒక్క ముక్కే ఉతికాడు. వాష్ నుంచి వచ్చాక 32 అని లేబుల్ ఉన్న ప్యాంట్లు కొన్ని 31 అయ్యాయి, కొన్ని అలాగే ఉన్నాయి. కొన్నిటికి ఒక కాలు ముదురు, ఒక కాలు లేత. కటింగ్ తర్వాత ముక్కలకు అంటించే నంబరు స్టిక్కర్లు రాలిపోయి, ఒక థాను ముక్క ఇంకో థాను ముక్కతో కలిసిపోయింది. కుట్టేటప్పుడు రెండూ ఒకే నీలం. వాష్ అయ్యాకే తేడా బయటపడుతుంది.

ఆ లాట్ సెకండ్స్ కింద సంతల్లో అమ్మారు. ఆ తర్వాత నుంచి ప్రతి థానుకూ ఒక ముక్క, ఆ ముక్క మీద మార్కర్‌తో థాను నంబరు, ఉతకక ముందు, ఉతికాక కొలతలు. షెడ్డు గోడకు ఆ ముక్కలు వరుసగా తగిలించి ఉంటాయి. స్టిక్కర్ బదులు ముక్క అంచున దారంతో గుర్తు కుట్టే పద్ధతి ఒక టైలరమ్మే చెప్పింది. ఖర్చు దాదాపు సున్నా.

రెండోది సైజుల గొడవ. సెట్టుకు ఎనిమిది ప్యాంట్లు: 28 ఒకటి, 30, 32, 34 రెండేసి, 36 ఒకటి. షాపువాడు సెట్టు తీసుకుంటాడు, మళ్లీ ఆర్డర్ ఇచ్చేటప్పుడు 32, 34 మాత్రమే అడుగుతాడు. సీజన్ చివర వాపసు వచ్చే మూటలో 28, 36లే ఉంటాయి. రెండో ఏడాది దసరా మాల్‌లో 28 సగానికి తగ్గించాం. స్టాక్ స్టేట్‌మెంట్ నెలనెలా బ్యాంకుకు ఎటూ ఇవ్వాలి కాబట్టి, దాన్నే సైజుల వారీగా రాయించాను. తొంభై రోజులు దాటిన సరుకు ఎంతుందో అందులో వేరే గడిలో కనిపిస్తుంది. ఆ గడి పెరిగితే కొత్త గుడ్డ కొనడం ఆగుతుంది.

ఊరికి ఏమి మిగిలింది

కూలి ప్యాంటుకు 90 రూపాయలు ఊళ్లోకి వచ్చేవి. దారం, సూదులు, కరెంటు పోగా 80 దాకా ఇక్కడ తిరిగేవి, అందులోంచి వడ్డీ వేరే పోయేది. సొంత ప్యాంటుకు టైలర్ల కూలి, హెల్పర్లు, యజమాని లాభం, ప్యాకింగ్, లోకల్ రవాణా కలిపితే 115 దాకా ఊళ్లో ఆగుతోంది. గుడ్డ డబ్బు అహ్మదాబాద్‌కు, వాష్ డబ్బు బళ్లారికి తప్పదు. ఆ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఇది ఒక్క షెడ్డు లెక్క. ఇలాంటి షెడ్లు సందుల్లో ఎన్నో ఉన్నాయి. వాటి పక్కనే మిషన్ మెకానిక్, జిప్పులు దారాలు అమ్మే అంగడి, పొద్దున్నే ఉగ్గాని బజ్జీ అమ్మే బండి బతుకుతున్నాయి. టైలర్లకు శనివారం డబ్బు ఖాయమని తెలిసినప్పటి నుంచి కిరాణా ఉద్దర తగ్గిందని ఆమె అంది. పక్క షెడ్డుకు వెళ్లిన ఇద్దరు తిరిగి వచ్చారు.

వాష్ కూడా ఇక్కడే పెడితే ఇంకో 35 రూపాయలు ఆగుతాయి కదా అని చాలామంది అడుగుతారు. నేను ఒప్పుకోను. డెనిమ్ వాష్‌కు నీళ్లు విపరీతంగా కావాలి. నీలం రంగు, బ్లీచ్, ఉప్పు కలిసిన ఆ నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు లేకుండా బయటికి వదలకూడదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. తాగునీటికే కటకటలాడే చోట పది పన్నెండు మిషన్ల యూనిట్ ఆ ఖర్చు మోయలేదు. సరిగ్గా శుద్ధి చేయకుండా మొదలుపెడితే బోరు నీళ్లు పాడవుతాయి, ఒకసారి పాడైతే ఈ నేలలో మళ్లీ బాగుపడటం కష్టం. ఆ 35 బళ్లారికి పోనివ్వడమే మేలు.

ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) విషయం మాత్రం పట్టుబట్టి చేయించాను. పది మంది, అంతకంటే ఎక్కువ ఉంటే వర్తిస్తుంది. పీస్ రేటు మీద పనిచేసేవాళ్లకు కూడా. యజమాని వాటా 3.25 శాతం, కార్మికులది 0.75. చాలా షెడ్లలో తొమ్మిది పేర్లే రాస్తారు. ఆయనా మొదట అదే మాట అన్నాడు. ప్యాంటుకు రెండు రూపాయలకు అటూఇటుగానే పడుతుందని లెక్క వేసి చూపించాక, ఆమె ముందుగా ఒప్పుకుంది. తర్వాత ఒక టైలరుకు ఆపరేషన్ అవసరమైంది, కార్డు అక్కరకొచ్చింది. పీఎఫ్ ఇరవై మందికి వర్తిస్తుంది. ఇంకో ముగ్గురిని తీసుకుంటే ఆ ఖర్చు కూడా వస్తుందని ఈసారి ధరలో ముందే కలిపాం.

ఇప్పుడు కాజా, బార్‌టాక్ మిషన్లు కొనాలనుకుంటున్నారు. బయట చేయించేదానికి ఇస్తున్న డబ్బుతో పోలిస్తే రెండేళ్లలో తీరిపోతుంది కాబట్టి టర్మ్ లోన్ ప్రతిపాదన పెట్టాను. సొంత మాల్‌ను సగానికి పెంచుదామని ఆయన మళ్లీ అడుగుతున్నాడు. రాబోయే దసరా సరుకు డబ్బు తొంభై రోజుల్లో ఎంత వసూలైందో చూశాకే దాని మీద మాట్లాడదామని చెప్పాను. ఆమె కూడా అదే అంది.